వరసలో తర్వాతి మాట

అటక మీద పెట్టిన కొబ్బరికాయ ఊపితే మొదట్లో నీళ్ళు పలుకుతాయి. నెలలు గడిచేకొద్దీ ఆ నీళ్ళు ఇంకిపోతాయి. అప్పుడు ఎంత ఊపినా ఏ చప్పుడూ ఉండదు. ఆ తర్వాత ఎప్పటికో లోపలి కొబ్బరి ఎండి, చిప్పను వదిలేసి, గుండులా విడిపడి కటకటమంటుంది. అప్పుడది కురిడీ. ఉత్తరాదికి లారీలెక్కేది అదే.

మధ్యలో చప్పుడు లేని కాయని చూసి కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళు కుళ్ళిందనుకుని కిందకి విసిరేస్తారు. బుల్లబ్బాయి విసరడు. చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపి, ఎక్కడిదక్కడే పెట్టేస్తాడు.

సుబ్బరాజు గారి కురిడీ కొట్టులో అతని పని అదే. అమలాపురం దారిలో, కాలవ గట్టుని ఆనుకుని ఉంటుంది ఆ కొట్టు. పోక బద్దల అటకలు, కింద పొడి నేల, గాలి కోసం వదిలిన సందులు. పొద్దున్న ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి దిగుతాడు. మాట్లాడవలసిన అవసరం పెద్దగా ఉండదు. రాజు గారొచ్చినప్పుడు మాత్రం కింద నుంచి ఒక కేక వినపడుతుంది.

"ఏరా బుల్లబ్బాయీ, ఉత్తరం వైపు అటక ఎప్పుడు దిగుద్దిరా?"

"దసరా ముందు దిగుతుందండి."

"కాయల సంగతి ఇంత కచ్చితంగా చెప్తావు, మీ ఆవిడ ఎప్పుడొస్తుందో మట్టుకు చెప్పలేవేంట్రా?"

"కాయైతే ఊపి చూస్తానండి," అన్నాడు బుల్లబ్బాయి.

రాజు గారు నవ్వి వెళ్ళిపోయారు. ఆయన మంచివాడే. ఆ ప్రశ్న ఆయన ఒక్కడే పైకి అడుగుతాడు. మిగిలినవాళ్ళు అడగడం మానేశారు. అదే కష్టంగా ఉంటుంది.

సూర్యావతి ఇంటిపనికి మస్కట్ వెళ్ళి అయిదేళ్ళవుతోంది. ఇంటికి స్లాబు వేసుకుందామని వెళ్ళింది. రెండేళ్ళ మాట. స్లాబు పడింది. గోడలకి రంగులు కూడా పడ్డాయి. ముందు గదికి ఆవిడ ఫోన్లో చెప్పిన లేత ఆకుపచ్చే వేయించాడు. ఆ గదిలో కుర్చీలు కొని పెట్టాడు గానీ వాటి ప్లాస్టిక్ తొడుగులు తియ్యలేదు. తను వంటింటి గడప మీదే కూర్చుంటాడు.

వెళ్ళేముందు ఇద్దరూ మురమళ్ళ వెళ్ళి మొక్కుకున్నారు. తిరిగొచ్చాక దంపతులుగా పీటల మీద కూర్చుని వీరేశ్వరస్వామి వారి కళ్యాణం చేయిస్తామని. ఆ కళ్యాణానికి తేదీ ముందుగా రాయించుకోవాలి. బుల్లబ్బాయి రాయించాడు. ఆవిడ రాలేదు. మార్పించాడు. మళ్ళీ మార్పించాడు. అక్కడ కౌంటరులో కూర్చునే ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇంకో తేదీ చూడమంటారా అండీ?" అంటాడు. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడున్న తేదీ కార్తీక మాసంలో.

బయలుదేరే ముందురోజు సూర్యావతి ఇంకో పని చేసింది. పెరట్లో రెండు చెట్ల కాయలు దింపించి, వంటింటి అటక మీద తనే సర్ది పెట్టింది. "నేనొచ్చేసరికి కురిడీ అవుతాయి. స్వామికి అవే తీసుకెళ్దాం," అంది. అవి ఎప్పుడో కురిడీ అయ్యాయి. మరీ పాతబడితే నూనె కంపు కొడతాయి కాబట్టి ఏడాదికోసారి పాతవి దింపేసి, అవే చెట్ల కాయలు కొత్తవి ఎక్కిస్తున్నాడు. ఈ సంగతి ఆవిడకి చెప్పలేదు.

ఈ వేసంగిలో విజయ తన ఇంగ్లీషు క్లాసుని అమలాపురం నుంచి రాజు గారి కొట్టు పక్క గదిలోకి మార్చింది. గల్ఫు వెళ్ళే ఆడవాళ్ళకి ఇంటిపని మాటలు నేర్పుతుంది. తను కూడా బహ్రెయిన్‌లో చేసి వచ్చిన మనిషే. సూర్యావతి కూడా వెళ్ళేముందు విజయ దగ్గరే నేర్చుకుంది. అప్పట్లో క్లాసు ఒక స్వీటు షాపు మేడ మీద ఉండేది. బుల్లబ్బాయి సైకిలు మీద తీసుకెళ్ళి, క్లాసయ్యేదాకా కింద నిలబడేవాడు. పైన ఏం చెప్పేవారో కిందికి వినపడేది కాదు.

ఇప్పుడు వినపడుతోంది. కొట్టుకీ ఆ గదికీ మధ్య ఒంటి ఇటుక గోడ. పైన అటక దగ్గర అది కూడా లేదు, జాలీయే. మొదట్లో ఆ మాటలు అతనికి పిట్టల గోలలా ఉండేవి. "వాష్ ద ప్లేట్స్." "బాబాకి ఫీవర్." తర్వాత తర్వాత అలవాటయ్యాయి.

ఆ రోజు దక్షిణం వైపు అటక మీద ఉన్నాడు. చేతిలో కాయ.

"పుట్ ఆఫ్," అంది విజయ.

"పుట్ ఆఫ్," అన్నాయి గొంతులు.

"పోస్ట్‌పోన్."

"పోస్ట్‌పోన్."

"డిలే. డిఫర్. ఆన్ హోల్డ్."

"మేడం గారూ," అని ఎవరో అందుకున్నారు, "అన్నిటికీ వాయిదా వెయ్యడవనే కదండీ అర్థం? ఒక్కదానికి ఇన్నెందుకండీ?"

"మనకి లేవేంటి? రేపు చూద్దాం, కోతలవ్వనీ, చేతిలో ఆడనీ, మంచిరోజు రానీ. మీ ఆయన్ని ఫ్రిజ్జు కొనమని అడుగు పద్మశ్రీ, మనకెన్ని మాటలున్నాయో తెలుస్తుంది."

అందరూ నవ్వారు. బుల్లబ్బాయి కూడా నవ్వబోయాడు.

"వినండి. అన్నీ ఒకటే గానీ వాడే చోటు వేరు. పుట్ ఆఫ్ ఇంట్లో మాట. ఉతుకుడు పుట్ ఆఫ్ చెయ్యకు అంటుంది మేడం. పోస్ట్‌పోన్ అంటే తేదీ ఉన్న పని. ఆ తేదీ కాదు, ఇంకో తేదీ. డిలే అంటే ఆలస్యం. విమానం డిలే. అందులో నీ తప్పు లేదు, నా తప్పు లేదు. డిఫర్ ఆఫీసు వాళ్ళ మాట. ఆన్ హోల్డ్ అంటే ఆపేరు, ఎప్పటిదాకానో చెప్పరు. ఇక ఆఖర్ది..."

అప్పుడే లారీ వెనక్కి వస్తూ హారను మోగించింది. ఆఖరి మాట వినపడలేదు.

బుల్లబ్బాయి చేతిలో కాయ అలాగే ఉంది. ఊపడం మర్చిపోయాడు.

మొదటిసారి రావలసినప్పుడు సూర్యావతి ఫోన్ చేసి, "మేడం పుట్ ఆఫ్ చేసేరండి," అంది. అంటే ఏంటని అడిగితే, వాయిదా అని చెప్పింది. రెండోసారి, "పోస్ట్‌పోన్ అయ్యిందండి." మూడోసారి, "విమానాలు డిలే అంటున్నారండి." కిందటి సంక్రాంతి వెళ్ళాక, "ఆఫీసులో డిఫర్ చేసేరంట." మస్కట్లో ఇంగ్లీషు బాగా వచ్చేసిందని అప్పుడు అతనికి కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఊళ్ళో ఒకరిద్దరి దగ్గర ఆ మాటలు తను కూడా వాడాడు.

ఇప్పుడు గోడ అవతల అవే మాటలు. అదే వరసలో.

చాలాసేపటికి కాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. చప్పుడు లేదు. ఎక్కడిదక్కడే పెట్టాడు.

సూర్యావతి ఫోను శుక్రవారం మధ్యాహ్నం వస్తుంది. అక్కడ ఇంటివాళ్ళు భోజనాలు చేసి పడుకునే వేళ. ఆ వేళకి బుల్లబ్బాయి ఇంటికొచ్చి, ఫోను ఎదురుగా పెట్టుకుని గడప మీద కూర్చుంటాడు.

"తిన్నారా అండి?"

"తిన్నాను."

"ఏం కూర?"

"చారు."

"వట్టి చారేనా?"

"నిన్నటి పులుసుంది."

పులుసు లేదు. అయినా రోజూ చారే అంటే ఆవిడ ఆగిపోతుంది. ఫోన్లో ఆగిపోతే ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలీదు.

"సుబ్బరాజు గారు బాగున్నారా అండి?"

"బాగున్నారు."

"వానలా?"

"ఒక జల్లు పడింది."

తర్వాత ఆవిడ గొంతు కొంచెం పైకి లేచింది. అబద్ధం చెప్పేటప్పుడు ఆవిడ గొంతు అలా లేస్తుందని బుల్లబ్బాయికి పెళ్ళయిన కొత్తల్లోనే తెలుసు. ఇన్నాళ్ళూ ఫోను చేసే మాయ అనుకున్నాడు.

"ఏవండీ, టికెట్టు..."

ఆవిడ అనకముందే అతని పెదాలు కదిలాయి.

"...ఆన్ హోల్డ్‌లో పెట్టేరంటండి."

"ఆయ్," అన్నాడు.

అప్పుడే అవతల ఏదో పడ్డ చప్పుడైంది. "నూరా, అటెళ్ళి ఆడుకో తల్లీ, ఫోను మాట్లాడుతున్నాను కదా," అంది సూర్యావతి, ఫోనుకి దూరంగా.

"ఆయ్," అంది ఒక చిన్న గొంతు.

ఫోను పెట్టేశాక కూడా బుల్లబ్బాయి లేవలేదు. ఆ పిల్ల గొంతు కొత్తేమీ కాదు. సూర్యావతి పనిలో చేరిన కొన్ని నెలలకి ఆ ఇంటివాళ్ళకి పుట్టింది. మొదటి ఏడాది ప్రతి ఫోనులోనూ ఏడుపు వినపడేది. తర్వాత ముద్దుమాటలు, అరబ్బీ కాబోలనుకునేవాడు. ఇప్పుడన్నది అరబ్బీ కాదు. మస్కట్లో పుట్టిన పిల్ల, ఇక్కడ తమ వీధిలో వీరాయమ్మ గారి మనవరాలు అన్నట్టే, ఆ సాగదీత కూడా పోకుండా, ఆయ్ అంది. అది కోనసీమ మాట, క్లాసులో నేర్పేది కాదు. పక్కనే ఉండి, ముద్దలు పెడుతూ, నిద్రపుచ్చుతూ, ఏళ్ళ తరబడి అంటూ ఉంటే గానీ పిల్లలకి అంటుకోదు.

బుల్లబ్బాయికీ సూర్యావతికీ పిల్లల్లేరు. ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవలసినప్పుడల్లా సూర్యావతి లేచి వెళ్ళి అంట్లు తోమేది.

మర్నాడు క్లాసయ్యాక విజయ గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆవిడ బోర్డు తుడుస్తోంది.

"రండి బాబాయ్ గారూ. ఏంటిలా దారి తప్పేరు? పిన్నిగారు కులాసాగా ఉన్నారా?"

"ఉందమ్మా." తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకున్నాడు. "ఆన్ హోల్డ్ తర్వాత ఏదమ్మా?"

"ఏంటండీ?"

"మొన్న చెప్పేరు కదా, వరసగా. ఆఖర్ది లారీ చప్పుడికి వినపళ్ళేదు."

విజయ నవ్వింది. "అటక మీదే పాఠాలు వల్లిస్తున్నారా? షెల్వ్ అండి. అంటే అటకెక్కించడం. ఇక ఆ పని సంగతి మర్చిపోవచ్చన్నమాట."

"అటకెక్కితే మాకు పని మొదలైనట్టమ్మా."

"మీ కొట్టుకి అంతేలెండి."

"అదే ఆఖర్దా?"

"నా పాఠంలో అదే ఆఖర్ది."

వెళ్ళబోయి ఆగాడు. "ఆ దేశపు మేడాలు ఇలా ఇన్ని మాటలు వాడతారామ్మా?"

"వాళ్ళకేం అవసరం బాబాయ్ గారూ? మేడానికి ఒక్కటే మాట, నో. ఇవన్నీ మనం వాడుకోడానికి. ఆవిడకి కోపం రాకుండా..." విజయ డస్టరు పట్టుకున్న చెయ్యి ఆగింది. అతని మొహంలోకి చూసింది. "ఎందుకడుగుతున్నారండీ?"

"ఊరికేనమ్మా."

మళ్ళీ శుక్రవారం వచ్చేదాకా బుల్లబ్బాయికి ఒకటే ఆలోచన. ఆవిడ దగ్గర ఇంక ఒక్క మాటే మిగిలింది. అది కూడా వాడేస్తే తర్వాత ఏం చేస్తుంది? ఫోను చెయ్యడం మానేస్తుందా? అబద్ధమైనా సరే, ఆ శుక్రవారం మధ్యాహ్నం ఒక్కటే వారంలో అతనికున్నది. తెలియనట్టే ఉండిపోతే ఇంకొన్నాళ్ళు గడుస్తుంది. కానీ చెప్పడానికి మాట లేక ఆవిడ అక్కడ ఒక్కతే వెతుక్కుంటూ కూర్చోవడం అతనికి కళ్ళకి కట్టినట్టు కనపడింది. అంట్ల ముందు కూర్చున్నట్టే.

శుక్రవారం ఫోను మోగింది.

"తిన్నారా అండి?"

"సూర్యావతీ, నువ్వింక మాటలు వెతుక్కోకు."

"ఏం మాటలండీ?"

"షెల్వ్ ఒక్కటే మిగిలింది."

అవతల ఏమీ లేదు. ఫోను తెగిపోయిందేమోనని చూసుకున్నాడు. తెగలేదు. చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. చప్పుడు లేని కాయ దగ్గర ఎంతసేపు ఆగాలో అతనికి తెలుసు.

"విజయ చెప్పిందా అండి?" అంది చివరికి. గొంతు మామూలుగానే ఉంది. పైకి లేవలేదు.

"లేదు. క్లాసు మా కొట్టు పక్కకి మార్చేరు. గోడ చెప్పింది."

సూర్యావతి నవ్విందో ఏడ్చిందో తెలియని చప్పుడొకటి చేసింది. "మేడం ఏమీ అన్లేదండి. ఎప్పుడెళ్తానంటే అప్పుడు టికెట్టు తీస్తానంటుంది. ఆవిడ మంచిదండి. నేనే..."

"తెలుసు."

"నూరాని పుట్టిన వారానికే నా చేతిలో పెట్టేరండి. నేను పెడితే గానీ ముద్ద మింగదు. మధ్యాహ్నం నా కొంగు చివర పట్టుకుని పడుకుంటది. లేచేసరికి నేను కనపడకపోతే..." ఆగింది. "బడిలో వేసేదాకా చూసి వచ్చేద్దామనుకుంటున్నానండి."

బుల్లబ్బాయి ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"అదీ అబద్ధమేనేమోనండి," అంది ఆవిడే. "బడిలో వేసేక ఇంకోటి చెప్తానేమో. నాకే తెలీట్లేదు. అక్కడ మీరొక్కరూ ఆ ఇంట్లో ఉంటారని రోజూ అనుకుంటాను. అనుకుంటూనే దానికి జడేస్తాను."

అతను చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. ముందు గదిలో కుర్చీల తొడుగులు. ఒక్కడికి అన్నం వండితే కొలత కుదరకపోవడం. పొద్దున్న లేవగానే గొంతు పెగలకపోతే రేడియో పెట్టుకుని దానికి సమాధానం చెప్పడం. చెప్పేస్తే ఆవిడ వచ్చేస్తుంది. అది కూడా తెలుసు. వచ్చి, వంటింట్లో మధ్యాహ్నం పూట కొంగు చివర చూసుకుంటూ కూర్చుంటుంది.

"మురమళ్ళ తేదీ ఉంది కదండీ, కార్తీకంలో..."

"వదిలేస్తాను. ఇంక మార్పించను. నువ్వు విమానం ఎక్కేనాడు చెప్పు. అప్పుడు రాయిస్తాను."

"కోపంగా ఉందా అండి?"

"లేదు," అన్నాడు. అది పూర్తిగా నిజం కాదు. అయినా అబద్ధమనీ అనిపించలేదు.

"ఆ పిల్లకి ఫోనియ్యి," అన్నాడు.

అవతల గుసగుసలు. ఊపిరి తగులుతున్న చప్పుడు. పిల్లలతో ఏం మాట్లాడాలో అతనికి తెలియదు. తనని ప్రతి శుక్రవారం ఎవరైనా అడిగేది ఒక్కటే ఉంది. అదే అడిగాడు.

"తిన్నావా?"

"ఆయ్."

"ఏం కూర?"

పిల్ల ఆలోచించింది. "చారు," అంది.

కార్తీకంలో ఆ తేదీకి మురమళ్ళ వెళ్ళాడు. కౌంటరు దగ్గర ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇంకో తేదీ చూడమంటారా అండీ?" అన్నాడు. "వద్దండి," అన్నాడు బుల్లబ్బాయి. ఆయన తలూపి, మరెవరికో ఆ చోటు ఇచ్చాడు. కళ్యాణం మొదలయ్యేదాకా బుల్లబ్బాయి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. పీటల మీద కూర్చున్నవాళ్ళలో ఒకావిడ, భర్త కండువా జారిపోతుంటే పదే పదే సర్దుతోంది. ఆయన చూసుకోవడం లేదు. అది చూశాక బయటికొచ్చి బస్సెక్కాడు.

ఆ నెలలోనే విజయ క్లాసులో పద్మశ్రీకి మస్కట్ వీసా వచ్చింది. బుల్లబ్బాయి వంటింటి అటక మీంచి మంచి కురిడీలు నాలుగు దింపి, గుడ్డ సంచిలో పెట్టి, విజయ గదికి తీసుకెళ్ళాడు.

"సూర్యావతికిచ్చి, ఆ పిల్లకి బెల్లంతో పెట్టమనమ్మా."

పద్మశ్రీ సంచిలోకి చూసి నాలిక్కరుచుకుంది. "అయ్యో బాబాయ్ గారూ, ఎండుకొబ్బరి విమానంలో ఎక్కనివ్వరంటండి. నూనె ఉంటుంది కదా, నిప్పంటుకుంటుందంట. మేడం క్లాసులోనే చెప్పేరు."

"ఆ పాఠం నాకు వినపళ్ళేదమ్మా," అన్నాడు. సంచి తీసుకుని వచ్చేశాడు.

ఇంటికొచ్చి గడప మీద కూర్చున్నాడు. పెరట్లో ఎండ తగ్గుతోంది. సంచిలోంచి ఒక కాయ తీసి, అలవాటు కొద్దీ చెవి దగ్గర ఊపాడు. కటకట. పైనుంచి కింద దాకా విడిపోయి, ఎక్కడా విరగకుండా ఉన్న గుండు. ఇంత నిండు చప్పుడు కొట్టులో వందల్లో ఒకదానికి ఉంటుంది.

ఫోను తీశాడు. గొంతు రికార్డు చేసే గుర్తు మీద బొటనవేలు పెట్టి, కాయని ఫోను దగ్గర పట్టుకుని ఊపాడు. ఏమీ మాట్లాడలేదు. వేలు తీశాడు. అది సూర్యావతికి వెళ్ళిపోయింది.

పొయ్యి వెలిగించి చారుకి నీళ్ళు పెట్టాడు. చింతపండు నానేసరికి ఫోను మోగింది. అటునుంచి కూడా రికార్డే. సూర్యావతి అతనితో అన్న మాట అందులో లేదు. పిల్ల నవ్వు, ఊ, అను అంటున్న ఆవిడ గుసగుస, తర్వాత ఆ చిన్న గొంతు.

"మళ్ళీ."

బుల్లబ్బాయి స్టూలు వేసుకుని అటక మీదకి చెయ్యి పెట్టాడు. చేతికందిన కాయ తీసి ఊపి చూశాడు. చప్పుడు లేదు. దాన్ని ఎక్కడిదక్కడే పెట్టి, పక్కది అందుకున్నాడు.